స్టెప్పర్ డ్రైవ్ సెట్టింగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికలో స్టెప్పర్ మోటార్లు (పల్సుకి ఒక్కో చిన్న అడుగు చొప్పున తిరిగేవి), వాటిని నడిపే డ్రైవుల మీద వచ్చిన ప్రశ్నలకే చోటిచ్చాం. కొందరు మోటారు వివరాలు లేకుండా లక్షణం ఒక్కటే రాశారు. వాటికి కచ్చితమైన జవాబు చెప్పడం కష్టం. ఇకమీదట రాసేటప్పుడు మోటారు కరెంటు, ఇండక్టెన్స్, డ్రైవ్ మోడల్, సప్లై వోల్టేజి, స్క్రూ లీడు (ఒక చుట్టుకి నట్టు జరిగే దూరం) తప్పకుండా తెలపండి. కింద చెప్పిన ఏ మార్పు చేసేటప్పుడైనా డ్రైవ్‌కి పవర్ తీసేసి, దాని మీది లైటు పూర్తిగా ఆరాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న: చిన్న రూటర్‌కి టీ8 లీడ్ స్క్రూ వేశాను. మోటారు 1.8 డిగ్రీలది. డ్రైవ్‌లో మైక్రోస్టెప్ (ఒక్కో స్టెప్‌ని ఎన్ని ముక్కలు చేయాలో) 8 పెట్టాను. స్క్రూ పిచ్ 2 మి.మీ. కాబట్టి లెక్కగట్టి మెషీన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో $100 విలువ (ఎక్స్ అక్షానికి మిల్లీమీటరుకి పల్సులు) 800 ఇచ్చాను. 10 మి.మీ. వెళ్లమంటే 40 మి.మీ. వెళ్తోంది. డ్రైవ్‌లో స్విచ్ పాడైందా?

జవాబు: స్విచ్ బాగానే ఉంది. మీరు పిచ్‌ని లీడుగా తీసుకున్నారు, తేడా అక్కడే వచ్చింది. టీ8 స్క్రూల్లో ఎక్కువగా దొరికేది నాలుగు స్టార్టులది. పక్కపక్క థ్రెడ్ల మధ్య దూరం 2 మి.మీ.యే అయినా, నాలుగు థ్రెడ్లు కలిసి చుట్టుకుని ఉంటాయి కాబట్టి స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు 8 మి.మీ. జరుగుతుంది. స్క్రూ చివరను వెలుతురులో పెట్టి చూడండి, నాలుగు థ్రెడ్ల మొదళ్లు విడివిడిగా కనిపిస్తాయి. అనుమానం ఉంటే నట్టు మీద, స్క్రూ మీద ఒక్కో గీత పెట్టి, చేత్తో సరిగ్గా ఒక చుట్టు తిప్పి, నట్టు ఎంత జరిగిందో కొలవండి.

లెక్క ఇలా ఉంటుంది. 1.8 డిగ్రీల మోటారుకి చుట్టుకి 200 స్టెప్పులు. మైక్రోస్టెప్ 8 అయితే 1600 పల్సులు. దాన్ని లీడుతో భాగించాలి. 1600ని 8తో భాగిస్తే 200. $100లో వేయాల్సింది ఇదే. అదే డ్రైవ్ సెట్టింగ్‌తో 1605 బాల్ స్క్రూకైతే లీడు 5 మి.మీ. కనుక 320, 1204 స్క్రూకైతే 400, 20 పళ్ల జీటీ2 పుల్లీకైతే చుట్టుకి 40 మి.మీ. కనుక 40 వస్తుంది.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. చాలామంది ఈ లెక్క వేశాక స్టీలు స్కేలుతో కొలిచి 320ని 318.7 అనో 321.4 అనో దిద్దుతారు. బాల్ స్క్రూ విషయంలో అలా చేయకండి. మామూలు సీ7 గ్రేడు బాల్ స్క్రూకే 300 మి.మీ.లో 0.05 మి.మీ. మించి తప్పు ఉండదు. స్కేలు మీద కంటితో చదివేటప్పుడు వచ్చే తప్పు దానికి ఎన్నో రెట్లు. బెల్టు మెషీన్‌కి మాత్రం బెల్టు బిగువును బట్టి కొద్ది సవరణ అవసరం కావచ్చు. పాత విలువను పంపిన దూరంతో గుణించి, కొలిచిన దూరంతో భాగించండి. సవరణ ఒక శాతం దాటుతోందంటే పుల్లీ పళ్లు లెక్కపెట్టడంలోనో మైక్రోస్టెప్ స్విచ్చుల్లోనో పొరపాటు ఉన్నట్టే. ముందు దాన్ని వెతకండి.

ప్రశ్న: నా నేమా 23 మోటారు మీద 2.8 ఆంపియర్లు అని ఉంది. డ్రైవ్ డీఎమ్542. దాని పట్టికలో పీక్ అని ఒక వరుస, ఆర్‌ఎమ్‌ఎస్ అని ఒక వరుస ఉన్నాయి. దేన్ని చూడాలి? ఇప్పుడు పెట్టిన సెట్టింగ్‌లో అరగంటకే మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

జవాబు: మోటారు మీద రాసిన కరెంటుని ఆర్‌ఎమ్‌ఎస్ (వేడి పుట్టించే లెక్కన తీసిన సగటు) వరుసతో పోల్చుకోండి. మైక్రోస్టెప్‌లో కాయిల్ కరెంటు సైన్ తరంగంలా పెరిగి తగ్గుతుంది కాబట్టి, దాని శిఖరం ఆర్‌ఎమ్‌ఎస్‌కి 1.4 రెట్లు ఉంటుంది. మోటారుని వేడెక్కించేది ఆర్‌ఎమ్‌ఎస్. డీఎమ్542లో పై రెండు సెట్టింగులు చూస్తే పీక్ 3.76కి ఆర్‌ఎమ్‌ఎస్ 2.69, పీక్ 4.20కి ఆర్‌ఎమ్‌ఎస్ 3.00. మీ మోటారుకి 3.76 సరిపోతుంది. 2.8 అని చూసి పీక్ వరుసలో 2.84 పెట్టుకుంటే మోటారుకేమీ కాదు గానీ, చేతిలో ఉన్న టార్క్‌లో (తిప్పే బలంలో) పావు వంతుకి పైగా వదులుకున్నట్టే.

వేడి గురించి భయపడాల్సిన పని లేదు. ఈ మోటార్ల ఇన్సులేషన్ సాధారణంగా బీ తరగతిది, 130 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. బయటి ఒంటి మీద 70, 80 డిగ్రీలు ఉన్నా మోటారుకి ఇబ్బంది లేదు. మన చెయ్యి 60 దగ్గరే ఓర్చుకోలేదు, అందుకే ఏదో అయిపోతోందని అనిపిస్తుంది. అయితే మోటారుని పీఎల్‌ఏ ప్లాస్టిక్ బ్రాకెట్‌కి బిగించి ఉంటే అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి వంగుతుంది. అక్కడ అల్యూమినియం ప్లేటు వేయక తప్పదు.

అరగంటలోనే అంత వేడి అంటే మొదట చూడాల్సింది నాలుగో స్విచ్. అది ఆఫ్‌లో ఉంటే మోటారు ఆగిన కాసేపటికే కరెంటు సగానికి తగ్గుతుంది. ఆన్‌లో ఉంటే ఆగి ఉన్నా నిండు కరెంటు పారుతూనే ఉంటుంది. వేడి ఎక్కువగా పుట్టేది ఆ ఖాళీ సమయంలోనే. ఎక్స్, వై అక్షాలకు దాన్ని ఆఫ్‌లో పెట్టండి.

స్విచ్చులు లేని చిన్న బోర్డులు వాడేవారికి ఒక ముక్క. ఏ4988లో కరెంటుని చిన్న స్క్రూతో, వీరెఫ్ వోల్టేజి కొలుస్తూ పెట్టాలి. వీరెఫ్ అంటే కావాల్సిన కరెంటు, 8, సెన్స్ రెసిస్టర్ విలువ, ఈ మూడింటి లబ్ధం. చిప్ పక్కన ఉన్న రెండు నల్ల రెసిస్టర్ల మీద ఆర్100 అని ఉంటే 0.1 ఓమ్, ఆర్050 అని ఉంటే 0.05 ఓమ్. ఒక ఆంపియరుకి మొదటిదానికి 0.8 వోల్టు పెట్టాలి, రెండోదానికి 0.4 వోల్టు. బోర్డు చూడటానికి ఒకలాగే ఉంటుంది, రెసిస్టర్ మారితే కరెంటు రెట్టింపవుతుంది. డీఆర్‌వీ8825లో 0.1 ఓమ్ రెసిస్టర్లతో వీరెఫ్‌ని రెండుతో గుణిస్తే కరెంటు వస్తుంది.

ప్రశ్న: పాత ప్రింటర్ నుంచి తీసిన మోటారుకి ఆరు వైర్లున్నాయి. రంగులు ఏ బొమ్మతోనూ కలవడం లేదు. కలిపితే జుయ్యిమని అక్కడే వణుకుతోంది.

జవాబు: రంగులు నమ్మకండి, మల్టీమీటర్‌ని నమ్మండి. ఆరు వైర్లు మూడేసి చొప్పున రెండు గుంపులవుతాయి. ఒక గుంపు వైర్లకీ రెండో గుంపు వైర్లకీ మధ్య మీటర్ ఏమీ చూపదు. ఒక గుంపులో ఏ రెండింటి మధ్య ఓమ్‌లు ఎక్కువగా వస్తాయో అవి కాయిల్ రెండు చివర్లు. మిగిలింది మధ్య ట్యాప్, చివర్లు రెండింటికీ దానికీ మధ్య అందులో సగం ఓమ్‌లు చూపిస్తుంది. చివర్లు రెండూ ఏ ప్లస్, ఏ మైనస్‌కి, రెండో గుంపు చివర్లు బీ ప్లస్, బీ మైనస్‌కి కలపండి. మధ్య ట్యాపులకి విడివిడిగా టేపు చుట్టి వదిలేయండి. ఇలా పూర్తి కాయిల్ వాడినప్పుడు కరెంటుని మోటారు మీద రాసినదాంట్లో 0.7 వంతే పెట్టాలి. మోటారు తిరగాల్సిన దిక్కుకి ఎదురు తిరిగితే ఒక్క కాయిల్ చివర్లు మాత్రమే అటూ ఇటూ మార్చండి. రెండు కాయిల్సూ మార్చారంటే మళ్లీ మొదటి దిక్కే.

పవర్ ఉన్నప్పుడు మోటారు కనెక్టర్ ఎప్పుడూ ఊడదీయకండి. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారి తెగితే పుట్టే వోల్టేజి డ్రైవ్ అవుట్‌పుట్‌ని అక్కడికక్కడే కాల్చేస్తుంది. వదులుగా ఉన్న స్క్రూ టెర్మినల్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. వైరు చివరలకి సీసం పూసి బిగిస్తే కొన్నాళ్లకి సీసం నలిగి వదులవుతుంది. ఫెర్రూల్ (వైరు చివరకి తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి నొక్కడమే మేలు.

ప్రశ్న: 36 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్‌తో సప్లై చేసుకున్నాను. డ్రైవులు 50 వోల్టుల దాకా తట్టుకునేవి. రెండు డ్రైవులు పోయాయి. రెండూ వేగంగా వెళ్లి ఆగేటప్పుడే పోయాయి. అసలు ఎంత వోల్టేజి ఉండాలి?

జవాబు: 36 వోల్టుల ఏసీని రెక్టిఫై చేసి కెపాసిటర్ మీద పెడితే 36 డీసీ రాదు. 1.414తో గుణిస్తే 50.9 అవుతుంది. డయోడ్లలో వోల్టున్నరో రెండో పోయినా, లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దాని మీద రాసినదానికంటే ఎక్కువే ఇస్తుంది. మెయిన్స్ పది శాతం పెరిగిందంటే 54 దాటిపోతుంది. అంటే మెషీన్ కదలకముందే మీ డ్రైవులు హద్దు మీద నిలబడి ఉన్నాయి. ఇక బరువైన గ్యాంట్రీ (స్పిండిల్‌ని మోసుకుని కదిలే వంతెన) వేగంగా వెళ్తూ చప్పున ఆగినప్పుడు మోటారు జనరేటర్‌లా మారి ఆ శక్తిని సప్లైలోకి తిరిగి నెడుతుంది. కెపాసిటర్ మీద వోల్టేజి ఇంకా ఎగబాకుతుంది. మీ డ్రైవులు సరిగ్గా ఆగేటప్పుడే పోవడానికి కారణం ఇదే.

ట్రాన్స్‌ఫార్మరే కావాలంటే సెకండరీ 28 వోల్టులది తీసుకోండి, దాదాపు 38 డీసీ వస్తుంది. లేదంటే 36 వోల్టుల ఎస్ఎమ్‌పీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) పెట్టండి. 50 వోల్టుల డ్రైవ్‌కి 36 నుంచి 42 మధ్య ఉంచితే తిరిగొచ్చే శక్తికి చోటుంటుంది.

మోటారుకి గరిష్ఠంగా ఎంత వోల్టేజి ఇవ్వవచ్చో చెప్పే ఒక వాడుక సూత్రం ఉంది. ఇండక్టెన్స్‌ని మిల్లీహెన్రీల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణించాలి. 2.5 మిల్లీహెన్రీల మోటారుకి 50 వోల్టులు వస్తుంది. ఇది పై హద్దు, చేరాల్సిన గమ్యం కాదు. అది దాటితే వేగం పెరగడం కంటే వేడి పెరగడమే ఎక్కువ. అలాగని మరీ తక్కువ ఇచ్చినా లాభం లేదు. నిమిషానికి 600 చుట్లు తిరిగే మోటారులో ఒక్కో స్టెప్‌కి దొరికేది అర మిల్లీసెకను. 2.5 మిల్లీహెన్రీల కాయిల్‌లో 3 ఆంపియర్లు నిండటానికి 24 వోల్టులతో సుమారు 0.31 మిల్లీసెకన్లు, 36 వోల్టులతో 0.21 పడుతుంది. తిరిగే మోటారులో పుట్టే ఎదురు వోల్టేజి తోడైతే 24 వోల్టుల దగ్గర కాయిల్ నిండకముందే తర్వాతి స్టెప్ వచ్చి పడుతుంది. వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోయేది అందుకే. కరెంటు స్విచ్ పెంచి దీన్ని సరిచేయలేరు.

సప్లై ఆంపియర్లకి మోటారు కరెంట్లన్నీ కూడి మూడింట రెండు వంతులు చాలు. 2.8 ఆంపియర్ల మోటార్లు మూడైతే 8.4లో మూడింట రెండు వంతులు, అంటే 5.6 ఆంపియర్లు. 36 వోల్టుల దగ్గర 200 వాట్లు. 350 వాట్ల సప్లై నిశ్చింతగా సరిపోతుంది. ప్రతి డ్రైవ్‌కీ సప్లై నుంచి విడిగా జత వైర్లు లాగండి. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి గొలుసులా కలపకండి.

ప్రశ్న: మైక్రోస్టెప్ 8 నుంచి 32కి మారిస్తే ఖచ్చితత్వం నాలుగు రెట్లవుతుందా? మార్చి చూస్తే వేగం పడిపోయింది.

జవాబు: ఖచ్చితత్వం పెరగదు, నునుపు పెరుగుతుంది. నిండు స్టెప్‌ని 32 ముక్కలు చేస్తే ఒక్క ముక్క జరిగినప్పుడు షాఫ్ట్ మీద పుట్టే టార్క్ హోల్డింగ్ టార్క్‌లో (ఆగి ఉన్న మోటారు పట్టు బలంలో) 5 శాతం లోపే. 8 ముక్కలైతే 19.5 శాతం. నట్టు, బేరింగుల రాపిడి ఆ 5 శాతం కంటే ఎక్కువైతే, ఒకటి రెండు మైక్రోస్టెప్పులు ఇచ్చినా షాఫ్ట్ కదలదు, మూడో దానికి ఒకేసారి గెంతుతుంది. కాగితం మీద లెక్క సూక్ష్మంగా కనిపిస్తుంది గానీ టేబుల్ మీద డయల్ గేజ్ ముల్లు దాన్ని చూపించదు.

వేగం పడిపోయింది పల్సుల వల్ల. ఆర్డుయినో యూనో మీద నడిచే జీఆర్‌బీఎల్ సెకనుకి సుమారు 30,000 పల్సులు ఇవ్వగలదు. 5 మి.మీ. లీడు స్క్రూకి మైక్రోస్టెప్ 32 అయితే మిల్లీమీటరుకి 1280 పల్సులు, కాబట్టి నిమిషానికి 1400 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. 8 దగ్గర అదే బోర్డుకి 5600 దాకా చోటుంది. దానికి ముందే మోటారు టార్క్ అయిపోతుంది కనుక బోర్డు అడ్డు రాదు. స్క్రూ మెషీన్లకి 8 లేదా 10 పెట్టుకోండి. బెల్టు మెషీన్లకి 16 బాగుంటుంది. 1, 2 సెట్టింగులు వద్దు. నెమ్మదిగా తిరిగేటప్పుడు మోటారు గరగరలాడి, కొన్ని వేగాల దగ్గర కంపనం పెరిగి స్టెప్పులు పోతాయి.

ప్రశ్న: చెక్క మీద రిలీఫ్ చెక్కుతున్నాను. 150 మి.మీ. ఎత్తు బొమ్మ, గీతకీ గీతకీ 0.25 మి.మీ. ఎడం. పని పూర్తయ్యాక సున్నాకి రమ్మంటే ఎక్స్ అక్షం 1.5 మి.మీ. పక్కకి వస్తోంది. ఎప్పుడూ ఒకే పక్కకి. వేగం సగానికి తగ్గించినా అంతే తేడా. 1605 స్క్రూ, మైక్రోస్టెప్ 10. కరెంటు పెంచాను, కప్లింగ్ మార్చాను, గుణం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో రోగం సగం మీరే పట్టిచ్చారు. ఎప్పుడూ ఒకే పక్కకి, వేగంతో సంబంధం లేకుండా అన్న రెండు మాటలు చాలా విలువైనవి. టార్క్ చాలక స్టెప్పులు పోతే వేగం తగ్గించగానే తేడా తగ్గాలి. కప్లింగ్ జారితే తేడా ప్రతిసారీ వేరుగా రావాలి. బ్యాక్‌లాష్ (స్క్రూకీ నట్టుకీ మధ్య ఆట) అయితే అది కూడబడదు, ఎన్నిసార్లు తిరిగినా అదే 0.05, అదే 0.1.

ఇప్పుడు లెక్క చూడండి. మైక్రోస్టెప్ 10, లీడు 5 అంటే మిల్లీమీటరుకి 400 పల్సులు. 1.5 మి.మీ. తేడా అంటే 600 పల్సులు. 150 మి.మీ.ని 0.25తో భాగిస్తే 600 గీతలు, అంటే 300 సార్లు వెళ్లి రావడం. వెళ్లి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా రెండు పల్సుల తేడా. ఇంత పొందికగా తప్పు జరిగిందంటే అది మెకానిక్స్‌లో లేదు, స్టెప్, డైరెక్షన్ సిగ్నళ్ల మధ్య సమయంలో ఉంది.

జరిగేది ఇది. డ్రైవ్ స్టెప్ సిగ్నల్ ఒక అంచు మీదే కదులుతుంది. ఆ అంచు రావడానికి ముందే డైరెక్షన్ సిగ్నల్ మారి స్థిరపడి ఉండాలి. డీఎమ్542కి ఈ వ్యవధి 5 మైక్రోసెకన్లు. డైరెక్షన్ లైనులో నిదానంగా పనిచేసే ఆప్టోకప్లర్ (లోపలి ఎల్ఈడీ వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్) వేసిన డ్రైవులకు ఇంకా ఎక్కువ కావాలి, 20 మైక్రోసెకన్లు ఇస్తే ఇబ్బంది ఉండదు. వ్యవధి చాలకపోతే దిక్కు మారిన తర్వాతి మొదటి స్టెప్ పాత దిక్కులోనే పడుతుంది. ముందుకి వేయాల్సింది వెనక్కి వేసింది కనుక తేడా రెండు పల్సులు. మరి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇలాగే జరిగితే రెండూ చెల్లిపోవాలి కదా? అలా జరగదు. ఆప్టోకప్లర్ వెలిగినప్పుడు త్వరగా స్పందిస్తుంది, ఆరినప్పుడు ఆలస్యంగా స్పందిస్తుంది. అందువల్ల ఒక దిక్కుకి మారేటప్పుడే తప్పు జరుగుతుంది, రెండో దిక్కుకి సరిగ్గా ఉంటుంది. తేడా ఎప్పుడూ ఒకే పక్కకి పేరుకుపోయేది అందుకే.

నిర్ధారించుకోవడానికి కత్తి తీసేయండి. డయల్ గేజ్‌ని గ్యాంట్రీకి ఆనించి ముల్లుని సున్నా చేయండి. నిమిషానికి 200 మి.మీ. ఫీడ్‌తో 1 మి.మీ. ముందుకి, 1 మి.మీ. వెనక్కి, వంద సార్లు నడిపే చిన్న ప్రోగ్రామ్ వేయండి. మా లెక్క నిజమైతే ముల్లు 0.5 మి.మీ. దగ్గర ఆగాలి. తర్వాత అదే మొత్తం దూరాన్ని, 100 మి.మీ. వెళ్లి 100 మి.మీ. రావడాన్ని, ఒకే ఒక్కసారి నడపండి. ముల్లు దాదాపు సున్నాకే వస్తే తప్పు దూరంతో కాదు, తిరుగుళ్ల లెక్కతో పెరుగుతోందని తేలినట్టే.

సరిచేయడానికి జీఆర్‌బీఎల్‌లో మొదట $2 మార్చండి. అది స్టెప్ సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది. మూడు అక్షాలకీ కలిపి 7, ఎక్స్‌కి మాత్రమే అయితే 1. ఇలా మారిస్తే డ్రైవ్ కదిలే అంచు పల్స్ మొదట్లో కాకుండా చివర్లో వస్తుంది. $0లో ఉన్న పల్స్ వెడల్పు, మామూలుగా 10 మైక్రోసెకన్లు, మొత్తం డైరెక్షన్ స్థిరపడటానికి దొరుకుతుంది. మీరు కామన్ ఆనోడ్‌గా (సిగ్నల్ ప్లస్‌లన్నీ ఒకచోట) కలిపారా, కామన్ క్యాథోడ్‌గా (మైనస్‌లన్నీ ఒకచోట) కలిపారా అన్నదాన్ని బట్టి సరైన విలువ 0 కావచ్చు, 7 కావచ్చు. రెండింటితోనూ వంద తిరుగుళ్ల పరీక్ష చేసి, ముల్లు కదలనిదాన్ని ఉంచండి. ఇంకా తేడా ఉంటే $0ని 20 చేసి చూడండి. లైనక్స్‌సీఎన్‌సీ వాడేవారికి పని ఇంకా సులువు. డిర్‌సెటప్, డిర్‌హోల్డ్ అని రెండు విలువలుంటాయి, నానోసెకన్లలో. వాటిని 20,000 చేస్తే సరి.

మీ ఉత్తరం చదివి మిగతా పాఠకులు కూడా అన్ని తేడాలకీ ఇదే మందు అనుకోకూడదు కాబట్టి, తేడా ఇంకోలా కనిపిస్తే ఏం చేయాలో కూడా రాస్తున్నాం. మోటారు షాఫ్ట్, కప్లింగ్, స్క్రూ మూడింటి మీదుగా సన్నని పర్మనెంట్ మార్కర్‌తో ఒకే నిలువు గీత గీయండి. పని అయ్యాక గీత ఎక్కడ విరిగితే అక్కడ గ్రబ్ స్క్రూ జారుతోంది. షాఫ్ట్‌కి చదును చెక్కు ఉంటే గ్రబ్ స్క్రూ దాని మీదే కూర్చోవాలి. గుండ్రటి భాగం మీద ఎంత బిగించినా రెండు రోజులకి వదులవుతుంది. గీత నిలిచే ఉండి, $110ని (ఎక్స్ గరిష్ఠ వేగం), $120ని (ఎక్స్ యాక్సిలరేషన్) సగం చేయగానే తేడా పోతే అది టార్క్ సమస్య. అప్పుడు యాక్సిలరేషన్ 50 దగ్గర ఉంచి, వేగాన్ని 500 చొప్పున మోటారు నిలిచిపోయేదాకా పెంచండి, అందులో మూడో వంతు తగ్గించి స్థిరపరచండి. తర్వాత యాక్సిలరేషన్‌ని 50 చొప్పున పెంచి దానికీ అలాగే చేయండి. ఈ పరీక్ష మెషీన్ చల్లగా ఉన్నప్పుడు, మీరు పెట్టే అతి బరువైన జాబ్ పెట్టి చేయాలి. ఇక స్పిండిల్ ఆన్ చేసినప్పుడే తేడా వస్తుంటే అది నాయిస్. సిగ్నల్ వైర్లని స్పిండిల్ వైరు నుంచి దూరంగా లాగి, షీల్డు ఉన్న కేబుల్ వేసి, షీల్డుని కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. రెండు వైపులా కలిపితే షీల్డు గుండానే కరెంటు పారుతుంది.

కరెంటు పెంచానన్నారు, దాన్ని మళ్లీ పాత విలువకే దించేయండి. $100 విలువ ముట్టుకోకండి. రిలీఫ్ చివర తేడా వస్తోందని స్టెప్పుల విలువ దిద్దితే తేడా అలాగే ఉంటుంది, పైగా బొమ్మ కొలత కూడా పోతుంది.

ప్రశ్న: ఈఎస్‌పీ32 బోర్డుకి డ్రైవ్ కలిపాను. ఒక్కోసారి కదులుతుంది, ఒక్కోసారి కదలదు. అదే డ్రైవ్ ఆర్డుయినోతో చక్కగా పనిచేస్తోంది.

జవాబు: ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులు. డ్రైవ్ లోపలి ఆప్టోకప్లర్‌ని 5 వోల్టులకి చేశారు. పల్స్ ప్లస్‌ని బోర్డు పిన్‌కి, మైనస్‌ని గ్రౌండ్‌కి కలిపితే లోపలి ఎల్ఈడీకి చాలినంత కరెంటు అందదు. ప్లస్‌ని 5 వోల్టులకీ మైనస్‌ని పిన్‌కీ కలిపితే ఇంకో చిక్కు. పిన్ 3.3 దగ్గర ఉన్నప్పుడు కూడా ఎల్ఈడీ మీద 1.7 వోల్టులు మిగిలి, అది పూర్తిగా ఆరదు. మధ్యలో 74హెచ్‌సీటీ245 చిప్ పెట్టి, దానికి 5 వోల్టుల పవర్ ఇవ్వండి. అది 3.3ని సరిగ్గా గుర్తించి 5 ఇస్తుంది. హెచ్‌సీ అని మాత్రమే ఉన్న చిప్ వద్దు, టీ అక్షరం ఉండాలి.

24 వోల్టుల పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మెషీన్ల కంట్రోలర్) నుంచి నడిపేవారు ఒక్కో సిగ్నల్‌కి 2 కిలోఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో వేయాలి, 12 వోల్టులైతే 1 కిలోఓమ్. కొన్ని కొత్త డ్రైవులకి 5, 24 మధ్య మార్చుకునే స్విచ్ ఉంటుంది. అది 24లో ఉందో లేదో చూసుకున్నాకే వైరు కలపండి.

ప్రశ్న: జెడ్ అక్షం పని మధ్యలో కాస్త ఆగితే చాలు, స్పిండిల్ బరువుకి మెల్లగా కిందికి దిగుతోంది.

జవాబు: $1 ఎంతుందో చూడండి. అది 25 అయితే, కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకే కంట్రోలర్ మోటార్లని వదిలేస్తుంది. దాన్ని 255 చేయండి, ఇక వదలదు. జెడ్ డ్రైవ్ ఎనేబుల్ టెర్మినల్‌కి వైరు కలపకుండా ఖాళీగా వదిలినా డ్రైవ్ ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. ఇంకో కారణంతో కూడా ఇది అవసరం. మోటారుని వదిలి మళ్లీ పట్టుకున్నప్పుడు రోటర్ మైక్రోస్టెప్‌ల మధ్య ఉన్న చోటే నిలవదు, పక్కనున్న స్థిరమైన చోటికి జారుకుంటుంది. కంట్రోలర్‌కి ఆ సంగతి తెలియదు.

పట్టుకుని ఉన్నా దిగుతుంటే, జెడ్ డ్రైవ్‌కి మాత్రం సగం కరెంటు స్విచ్‌ని నిండు కరెంటుకి మార్చండి. పవర్ పోయినప్పుడు పడిపోకుండా ఉండాలంటే సెట్టింగులతో కాదు, బ్రేకు ఉన్న మోటారో గ్యాస్ స్ప్రింగో పెట్టాలి. బాల్ స్క్రూ బరువుకి తనంతట తానే తిరుగుతుంది, టీ8 నాలుగు స్టార్టుల స్క్రూ కూడా బరువు ఎక్కువైతే అంతే.

ప్రశ్న: 40:1 డివైడింగ్ హెడ్‌కి (జాబ్‌ని సమాన భాగాలుగా తిప్పే సాధనం, 40 చుట్లు తిప్పితే జాబ్ ఒక చుట్టు తిరుగుతుంది) స్టెప్పర్ బిగించి, పల్సులు లెక్కపెట్టే చిన్న కంట్రోలర్‌తో నడుపుతున్నాను. 8 పళ్లు, 10 పళ్లు బాగా వస్తున్నాయి. 7 పళ్లు కోస్తే చివరి పన్ను లావుగా వస్తోంది.

జవాబు: మైక్రోస్టెప్ 8 అనుకుంటే హెడ్ ఒక చుట్టుకి 64,000 పల్సులు. దాన్ని 8తోనూ 10తోనూ భాగిస్తే శేషం లేదు. 7తో భాగిస్తే 9142.857. మీ కంట్రోలర్ దశాంశం వదిలేసి ప్రతిసారీ 9142 పంపుతోంది. ఏడుసార్లకి 63,994. పోయిన ఆరు పల్సులూ చివరి పన్ను మీదే పడ్డాయి. 100 మి.మీ. వ్యాసం ఉన్న జాబ్ అంచున అది 0.03 మి.మీ.

ప్రతి పన్నుకీ మొదటి నుంచి ఎంత దూరమో లెక్కగట్టి, దగ్గరి పూర్ణాంకానికి సవరించండి. 9143, 18286, 27429, 36571, 45714, 54857, 64000. వాటి మధ్య తేడాలే పంపాల్సిన పల్సులు. నాలుగోసారి 9142, మిగతా అన్నిసార్లూ 9143. కంటికి కనిపించేంత లావుగా ఉందంటే పల్సులతో పాటు హెడ్ లోపలి వర్మ్ గేరు ఆటకీ (పళ్ల మధ్య ఖాళీకీ) అందులో భాగం ఉంది. ప్రతి పన్నుకీ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆగాలి. పొరపాటున దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి లాగకుండా, పావు చుట్టు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకి తీసుకురండి. ఆగాక హెడ్ లాక్ బిగించి, తర్వాతే కట్టర్ దించండి. లాక్ వదలకుండా మోటారు తిప్పకండి. స్టెప్పులు పోతాయి, కంట్రోలర్ మాత్రం సరైన చోటే ఉన్నానని చూపిస్తుంది.